శుక్రవారం, నాలుగు గంటలు

ఐదింటికి మెలకువ వచ్చేసరికి అమ్మ అప్పటికే తమ్ముడి మంచం పక్కన కూర్చుని, వాడి ఎడమ మణికట్టు పైన బొటనవేలు ఆనించి ఉంది. ఫిస్టులా పనిచేస్తోందో లేదో రోజూ పొద్దున్నే అలా చూసుకోమని నర్సమ్మలు నేర్పారు. డయాలసిస్ సూదుల కోసం ధమనినీ సిరనీ కలిపి కుట్టిన ఆ చోట వేలు పెడితే సన్నగా అదురు తెలుస్తుంది. నేను బ్లౌజులు కుట్టేదాన్ని కాబట్టి నాకు తట్టే పోలిక ఒకటే. మిషను నడుస్తుండగా బల్ల మీద చెయ్యి వేస్తే అరచేతికి తెలిసే అదురు అది. "ఉంది" అంది అమ్మ. మా ఇంట్లో ఆ మాటతోనే తెల్లారుతుంది.

సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. అమ్మ కిడ్నీ ఇద్దామంటే షుగరు, నేనిద్దామంటే బీపీ. ఇద్దరినీ వద్దన్నారు. జీవన్‌దాన్‌లో పేరు రాయించాం, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం అది. తెలియని నంబరు నుంచి ఫోన్ మోగితే చాలు, గుండె ఝల్లుమంటుంది.

బయల్దేరేముందు అమ్మ బైబిలు తీసింది. 2024 సెప్టెంబరు వరదలో నానిన బైబిలది. కొత్తది కొనిస్తానన్నా వద్దంది. నీళ్లు తీశాక మేడ మీద కూర్చుని పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి రోజుల తరబడి ఆరబెట్టింది. ఇప్పుడు దాని అట్ట మూసుకోదు. ప్రతి పేజీకీ కింద సగం బురద రంగు. కొన్ని పేజీలు అంటుకుపోయాయి, లాగితే చిరిగిపోతాయని అలాగే వదిలేసింది. రెండవ దినవృత్తాంతములు 20వ అధ్యాయం అలాంటి చోటే. "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు" అన్నంతవరకు చదవగలం. ఆ తర్వాత పేజీ తిరగదు.

ఆ మాట అన్నది యెహోషాపాతు రాజు. మోయాబీయులు, అమ్మోనీయులు, శేయీరు మన్యవాసులు కట్టగట్టుకుని మీదికొస్తే, ఉపవాసం చాటించి, జనమందరి మధ్య నిలబడి అన్నాడు. పసిపిల్లలతో సహా అందరూ నిలబడ్డారని రాసి ఉంది. దిక్కులేని వాళ్లకు దేవుడే దిక్కని మన దగ్గర అందరూ అనే మాటే. కానీ ఇక్కడ అంటున్నవాడు దిక్కులేనివాడు కాదు, సైన్యం ఉన్న రాజు. ఏం చెయ్యాలో తోచట్లేదని తన జనం ముందే ఒప్పుకుని దేవుడి వైపు తిరిగాడు. "అంతా బాగైపోతుంది, నాకు తెలుసు" అని గట్టిగా అనేవాళ్ల విశ్వాసం కన్నా నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ మాట మాకు సొంతమైంది విజయవాడ సింగ్ నగర్‌లో, మేడ మీద. సెప్టెంబరు 1, ఆదివారం. మందిరానికి తయారవుతుండగా వీధిలోకి నీళ్లొచ్చాయి. చూస్తుండగానే మంచాలు, నా మిషను, అన్నీ మునిగాయి. ఇంటివాళ్లు పైకి రమ్మన్నారు. కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారిందని తర్వాత తెలిసింది. మమ్మల్ని ముంచింది మాత్రం గండ్లు పడిన బుడమేరు వాగు. సోమవారం డయాలసిస్ తప్పింది. రాత్రికి వాడి పాదాలు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. చుట్టూ మెడ లోతు నీళ్లు, తాగినవి ఒంట్లోంచి పోవని వాడికి మాత్రం గుక్కలు లెక్కపెట్టి పోస్తున్నాం. అమ్మ ఆ చీకట్లో వాడి చేతి మీంచి వేలు తీయలేదు. ప్రార్థన చెయ్యవే అంటే నాకు నోట మాట రాలేదు. అమ్మే అంది, "ఏం తోచట్లేదు తండ్రీ, నువ్వే దిక్కు." అంతే. ఆమేన్ కూడా అనలేకపోయింది.

మంగళవారం మధ్యాహ్నం పడవ వచ్చింది. ఫ్లైఓవర్ దగ్గర దించారు. రాత్రికల్లా వాడికి సూదులు గుచ్చి మిషను ఎక్కించారు.

ఆ పడవ దేవుడు పంపినదే. ఈ సాక్ష్యం ఎవరి ముందైనా చెబుతాను. కానీ చెప్పిన ప్రతిసారీ పడవ సమయానికి అందని ఇళ్లు గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది. వాళ్లూ మొరపెట్టి ఉంటారు కదా. జవాబు నాకు తెలియదు. ఆ ప్రశ్నను కూడా ఆయన దగ్గరికే తీసుకెళ్తాను, వేరే ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి?

ఈ రోజు బరువు చూస్తే రెండున్నర కిలోలు ఎక్కువుంది. ఎండలు మండిపోతున్నాయి, దాహానికి ఆగలేకపోయాడు పాపం. వాణ్ణి లోపలికి పంపి, బయట బెంచీ మీద కూర్చుని హుక్కులు కుట్టుకున్నాను. మొన్న ఉపవాస ప్రార్థనలో ఒకావిడ, డయాలసిస్ మిషను మానేసి విశ్వాసంతో ఉంటే స్వస్థత వస్తుందంది. అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకు కోపమొచ్చింది, ఇంకా పోలేదు. పాస్టరు గారు ఇంటికొచ్చి జబ్బుపడిన హిజ్కియా రాజు సంగతి చదివి వినిపించారు. 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వెయ్యమని యెషయా ప్రవక్త చెప్పాడట. "మీ వాడికి ఆ మిషనే అంజూరపు ముద్ద అమ్మా" అన్నారు. ఆ రాత్రి అమ్మ అన్నం తింది.

పక్కన మైలవరం నుంచి వచ్చినావిడ నా పెదాలు కదలడం చూసినట్టుంది. "మా ఆయన గురించి కూడా మీ దేవుడికి చెప్పమ్మా" అంది. ఆవిడ నుదుటి బొట్టు చెమటకి కరిగి ఉంది. చెయ్యి పట్టుకుని చెప్పాను. కొత్త మాటలేం దొరకలేదు, అమ్మ మాటే చెప్పాను.

అంటుకుపోయిన ఆ పేజీలో ఏముందో మాకు నోటికి వచ్చు. పాడేవాళ్లను సైన్యానికి ముందు నడిపించారు. శత్రువులు వాళ్లలో వాళ్లే చంపుకున్నారు. దోపుడుసొమ్ము మోయడానికి మూడు రోజులు పట్టింది, నాలుగో రోజు బెరాకా లోయలో దేవుణ్ణి స్తుతించారు. మేమింకా ఆ పేజీకి ఇవతలే ఉన్నాం. అవతల ఉన్నది అదేనని నమ్ముతున్నాను. ఈ మూడేళ్లలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ఒక్కటీ నాకు ఆ ధైర్యం ఇవ్వలేదు, అయినా నమ్ముతున్నాను.

తిరుగు ప్రయాణంలో వాడు ఆటోలో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. సూదులు తీసిన చోట ప్లాస్టరు మీద చిన్న ఎర్రచుక్క. ఇంటికొచ్చాక, "అక్కా, ఐసుముక్క ఒకటి ఇవ్వవా" అన్నాడు. రెండు ఇచ్చాను. అమ్మ పక్కకొచ్చి కూర్చుని, వాడి మణికట్టు మీద వేలు పెట్టింది.