ఒక తెల్లమచ్చ వెంట ఒక రోజు

పొద్దున కిటికీ తెరిస్తే ఆకాశం కడిగి ఆరబెట్టినట్టుంది. నడినెత్తిన మాత్రం చిన్న చిన్న మబ్బులు, దువ్వెనతో పాయలు తీసినట్టు వరుసల్లో ఉన్నాయి. రెండు వరుసల మధ్య నీలం దారి, మళ్లీ వరుస, మళ్లీ దారి. పనికి బయలుదేరే ముందు పది నిమిషాలు ఫోన్‌లో శాటిలైట్ చిత్రాలు చూడటం నాకు అలవాటు. ఈ రోజు ఆ పది నిమిషాలు అరగంట దాటాయి.

ఆ వరుసల సంగతి తెలిసినదే. నేల వేడెక్కి, పైన గాలి ఒకే దిక్కుకు గట్టిగా వీస్తుంటే, కింది పొరలోని గాలి పక్కపక్కనే పడుకోబెట్టిన రోకళ్లలా దొర్లుతుంది. పక్కపక్క రోకళ్లు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. రెండూ కలిసి గాలిని పైకి తోసే చోట మబ్బు కడుతుంది, కిందికి దించే చోట కట్టదు. అందుకే వరుస ఎటు సాగితే గాలి అటు వీస్తున్నట్టు. ఆ నీలం దారి కూడా మబ్బులాగే గాలి చేసిన పనే అన్న మాట ఎన్నిసార్లు గుర్తొచ్చినా నాకు సంతోషంగానే ఉంటుంది.

పరారుణ చిత్రంలో, అంటే వెలుగును కాక వేడిని చూసి తీసే చిత్రంలో, ఈ వరుసల జాడే లేదు. అందులో చల్లగా ఉన్నదే తెల్లగా కనిపిస్తుంది. ఈ పొట్టి మబ్బుల తలలు నేల కంటే కొద్దిగానే చల్లన కాబట్టి అవి దాదాపు నేలలోనే కలిసిపోతాయి. తూర్పున మాత్రం ఒక పెద్ద తెల్లమచ్చ ఉంది. అడ్డంగా రెండు మూడు వందల కిలోమీటర్లు ఉంటుంది. అంత తెల్లగా ఉందంటే దాని తల పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు చేరి గడ్డకట్టిందన్నమాట. రాత్రి చిత్రాలు వరసగా తిప్పి చూస్తే అది ఇటే వస్తోంది.

"వస్తోంది" అని రాశాను కానీ, ఈ రోజంతా నా బుర్రలో తిరిగింది ఆ మాటే. చిత్రాలను నెమ్మదిగా, ఒక్కొక్కటిగా ఆపి చూశాను. ఏ మబ్బూ ఇంత దూరం ప్రయాణించి రావడం లేదు. మచ్చకు పడమటి అంచున కొత్త తెల్లచుక్కలు పుడుతున్నాయి, అవి ఉబ్బి మచ్చలో కలుస్తున్నాయి, తూర్పు వైపు పాతవి బూడిదరంగుకు తిరిగి పలచబడి పోతున్నాయి. ఉరుముల మబ్బు ఒక్కొక్కటి బతికేది సుమారు గంట. మచ్చ మాత్రం రాత్రంతా బతికింది. ఇన్నేళ్లుగా నేను ఒక వస్తువు కదులుతోందని చూస్తూ వచ్చాను. అక్కడ జరుగుతున్నది వరసగా పుట్టడం, వరసగా పోవడం.

పుట్టించేది ఏమిటంటే, పోతున్న మబ్బే. వాన పడుతూ దారిలో కొంత ఆవిరైపోతుంది, ఆ ఆవిరి కావడంలో చుట్టూ ఉన్న గాలి చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. నేలను తాకి, ఒలికిన నీళ్లలా నాలుగు వైపులా పరుచుకుంటుంది. దాని అంచు ముందున్న వెచ్చటి తేమగాలి కిందికి చొచ్చుకుపోయి దాన్ని పైకి ఎత్తుతుంది. అక్కడ కొత్త మబ్బు లేస్తుంది. ఎత్తుతోపాటు గాలి వేగం, దిక్కు పెద్దగా మారకపోతే ఈ కొత్త మబ్బులు చుట్టూ చెల్లాచెదురుగా లేచి త్వరగా చల్లారిపోతాయి. తగినంత మారితే మాత్రం చల్లగాలి తోపు, పైగాలి లాగు ఒకదానికొకటి సరిపోయి, మబ్బులు నిటారుగా ఒకే బారున నిలబడతాయి. ఆ బారు గంటల తరబడి నిలుస్తుంది.

మధ్యాహ్నం మూడు దాటాక అది వచ్చింది. ముందు గాలి. చినుకు ఇంకా పడలేదు, కాగితాలు ఎగిరాయి, చేతులకు చల్లగా తగిలింది. బయటికి వెళ్లి నిలబడ్డాను. ఎక్కడో తూర్పున అప్పటికే కురిసి పోయిన మబ్బు వదిలిన ఊపిరి అది, నన్ను దాటి ముందుకు పోయి ఇంకో మబ్బును లేపబోతోంది. తర్వాత పాతిక నిమిషాలు కుండపోత. ఆ తర్వాత ముసురు పట్టింది.

"ఇది ఎప్పటికి తగ్గుతుందంటారు?" అని పక్క సీటాయన అడిగారు.

"రెండు మూడు గంటలు పట్టొచ్చండీ, పెద్ద వాన మాత్రం అయిపోయింది" అన్నాను.

ముసురును పెద్ద వాన మిగిల్చిన తుంపరగా చూడటం అన్యాయం. ముసలివైన మబ్బు గోపురాల పైభాగాలు ఒకదానితో ఒకటి కలిసి విశాలమైన పందిరి అవుతాయి. అందులోంచి మంచు నెమ్మదిగా రాలి, ఐదు కిలోమీటర్ల ఎత్తు దగ్గర కరిగి సన్నటి వానగా దిగుతుంది. 1997లో అమెరికా, జపాన్ కలిసి వాన కొలవడానికి పంపిన టీఆర్‌ఎంఎం ఉపగ్రహం రాడార్‌తో కొలిస్తే, ఉష్ణమండలంలో కురిసే వానలో దాదాపు 40 శాతం ఇలాంటి పందిళ్ల నుంచే వస్తోందని తేలింది.

సాయంత్రం ఇంటికొచ్చి చదువుతూ కూర్చున్నాను. ఇలాంటి మబ్బు గుంపుల లోపల ఏముందో చూడటానికే 1974లో దాదాపు 40 ఓడలు ఆఫ్రికా పడమటి తీరం అవతల అట్లాంటిక్‌లో మోహరించాయి. అంతకు మూడేళ్ల ముందు అమెరికా శాస్త్రవేత్తలు రోలండ్ మ్యాడెన్, పాల్ జూలియన్ ఒక పసిఫిక్ దీవి గాలుల రికార్డుల్లో 40, 50 రోజులకోసారి వచ్చే ఊగిసలాటను పట్టుకున్నారు. ఆ ఊగిసలాట హిందూ మహాసముద్రం మీద వాన మబ్బులను వేల కిలోమీటర్ల మేర కూడగట్టి, సెకనుకు సుమారు 5 మీటర్ల చొప్పున తూర్పుకు నడిపిస్తుంది. జపాన్ శాస్త్రవేత్త నకజావా 1988లో చూపిన విషయం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పెద్ద గుంపు తూర్పుకు పోతుంటే, దాని లోపల ఒకటి రెండు రోజులు బతికే చిన్న గుంపులు పడమటికి పోతుంటాయి. ఒక్కొక్క కొత్త గుంపు పాతదానికి తూర్పున పుడుతుంది, అందుకే మొత్తం మాత్రం తూర్పుకు జరుగుతుంది. పొద్దున చూసినదే ఇక్కడ ఎన్నో రెట్లు పెరిగింది.

శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో చేసి చూసిన ప్రయోగాలు మరీ విచిత్రం. నేల లేదు, భూమి తిరగడం లేదు, అంతటా ఒకే వేడి ఉన్న సముద్రం. మొదట్లో మబ్బులు ఎక్కడపడితే అక్కడ లేస్తాయి. కొన్ని వారాలకు అన్నీ ఒకచోట చేరతాయి, మిగతా ఆకాశం ఎండిపోతుంది. పొడిగాలి వేడిని తేలిగ్గా అంతరిక్షానికి వదిలేసి, చల్లబడి దిగుతుంది. దిగే గాలి అక్కడ మబ్బు లేవనివ్వదు, తేమను పక్కకు, గుంపు వైపు నెడుతుంది. పొద్దున నేను చూసి నిట్టూర్చిన ఆ కడిగిన ఆకాశం, దూరాన ఉన్న మచ్చ చుట్టూ దిగుతున్న గాలి వల్లే అయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది. ఒకటి లేకుండా రెండోది లేదు.

పదకొండు దాటాక ముసురు ఆగింది. నిద్రపోయే ముందు మళ్లీ చిత్రాలు తెరిచాను. మా మీది మచ్చ పలచగా, అక్కడక్కడ చిరుగులతో ఉంది. పడమటి అంచు అవతల ఒక చుక్క, తెల్లగా. పది నిమిషాల తర్వాతి చిత్రంలో అవి మూడు.