మరక సంగతి తర్వాత, ముందు నీటి దారి పట్టుకోండి

మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు తనిఖీ రిపోర్టు చేతికి రాగానే గుండె జారుతుంది. పేజీలకు పేజీలు, ఫొటోలు, ఎర్ర గుర్తులు. కొత్త ఇంటికైనా జాబితా పొడుగ్గానే వస్తుంది. కంటికి కనబడిన ప్రతిదీ రాయడం ఇన్‌స్పెక్టర్ పని. అందుకే వదులైన తలుపు గడియ, స్లాబ్‌లో తుప్పు పట్టిన ఊచ ఆ కాగితం మీద పక్కపక్కనే కూర్చుంటాయి. రంగు, గడియలు, పగిలిన టైలు లాంటివన్నీ మొదటి చదువులోనే కొట్టేయండి. వాటి మీద బేరమాడితే అమ్మేవాళ్లకు విసుగొస్తుంది, అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి మీ మాటకు బలం ఉండదు.

మిగిలినవాటిలో ఎక్కువ డబ్బు తినేది నీరే. రిపోర్టులో ‘పైకప్పు మీద చెమ్మ మరక’ అని ఉంటే, అది ఎప్పుడు పెరుగుతోందో అడగండి. వాన పడ్డాకే పెరిగితే దారి డాబా మీద నుంచి. పై బాత్రూమ్ వాడినప్పుడే పెరిగితే నేల జాయింటు లేదా డ్రెయిన్ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే రంధ్రం కింద ఉండే వంపు భాగం). ఎవరూ వాడకపోయినా తడి ఆరకపోతే నీళ్లొచ్చే పైపు. గోడ అడుగున మొదలై మీటరు ఎత్తు దాకా పాకి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది నేల నుంచి ఎక్కుతున్న చెమ్మ.

బాత్రూమ్ మీద అనుమానముంటే ఇంటివాళ్ల అనుమతితో డ్రెయిన్ మూసి, నేల మీద 25 మి.మీ. నీళ్లు నిలిపి 24 గంటలు ఉంచమనండి. కింద తడి వస్తే వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టు. అంతసేపూ పొడిగా ఉండి, మూత తీసి నీళ్లు వదిలాక కారితే తప్పు ట్రాప్‌ది లేదా దాని కింది పైపుది. ఈ తేడా చిన్నది కాదు: మొదటిదానికి నేలంతా తవ్వాలి, రెండోదానికి చాలాసార్లు ఒక మూల తవ్వితే సరిపోతుంది. పైపు సంగతి తేలడానికి కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు రీడింగ్ రాసుకోండి, గంట తర్వాత మళ్లీ చూడండి. ఆ గంటలో ట్యాంకు నిండకపోయినా అంకె కదిలితే ఎక్కడో కారుతోంది.

గోడలో ఒక్క చోటే కొత్త రంగు కనబడితే కింద చెమ్మ దాగి ఉందేమో చూడాలి. దానికి అరచేయంత ప్లాస్టిక్ కవరు చాలదు. మూరెడు వెడల్పు పాలిథిన్ ముక్క తీసుకుని నాలుగంచులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. ముక్క వెనకవైపు, గోడకు ఆనుకున్న పక్క నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోదే. బయటివైపు పడితే గదిలో గాలి ఆడక వచ్చిన తేమ.

స్లాబ్ పెచ్చులూడి ఊచ కనబడుతుంటే పుట్టీ, రంగు వేసి ఇచ్చేస్తామన్న మాటకు ఒప్పుకోకండి. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం పెరుగుతుంది, ఆ ఒత్తిడికే చుట్టూ కాంక్రీటు విడిపోతుంది. పైపైన పూస్తే మళ్లీ ఊడుతుంది. చుట్టుపక్కల సుత్తితో తట్టి డొల్ల మోగినంత మేరా తీసేయాలి, ఊచను మెరిసేలా రుద్దాలి, తుప్పు ఆపే పూత వేయాలి, పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్‌తో కప్పాలి. ఊచ బాగా సన్నబడితే స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాల్సిందే.

పగుళ్లలో వెంట్రుకవాసి గీతలు ప్లాస్టర్‌వే ఎక్కువ. బీమ్‌కూ ఇటుక గోడకూ మధ్య అడ్డంగా సాగేది సాధారణంగా రెండు పదార్థాలు వేర్వేరుగా సాగి ముడుచుకోవడం వల్ల. కిటికీ మూల నుంచి ఏటవాలుగా లేచి ఒక కొస వెడల్పుగా ఉన్నదీ, 5 మి.మీ. దాటినదీ, కాలమ్ పొడవునా నిలువుగా దిగినదీ ఇంజినీరుకు చూపించండి. ఇన్‌స్పెక్టర్ పైకి కనబడేదే చెప్పగలరు.

కరెంటు దగ్గర 1.5 చదరపు మి.మీ. వైరుకు 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టి ఉంటే వెంటనే మార్పించాలి. అది ట్రిప్ అయ్యేలోపే వైరు వేడెక్కుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) మీద టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి. కానీ ఆ బటన్ ఎర్తింగ్ బాగుందని చెప్పదు, దాన్ని విడిగా కొలిపించాలి.

ఇక బేరం. అగ్రిమెంటులో తనిఖీకి ఇచ్చిన గడువు ఏ రోజుతో ముగుస్తుందో ముందు చూసుకోండి. ఆ రోజు దాటాక అడిగితే మీరిచ్చిన అడ్వాన్సుకే ముప్పు రావచ్చు. పెద్ద పనులకు రెండు ఎస్టిమేట్లు రాయించండి, వాటిలో తవ్వడం, బాగుచేయడం, మళ్లీ పూర్తి చేయడం విడివిడిగా ఉండాలి. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు రాసి, పగలగొట్టిన టైల్స్ మళ్లీ వేయడం మరిచిన ఎస్టిమేటు మీ జేబుకే చిల్లు.

నా మట్టుకు, పూర్తయ్యాక లోపల దాగిపోయే ప్రతి పనికీ ధర తగ్గించమనడమే మేలు. ఇల్లు వదిలి వెళ్లేవాళ్లు చవకైన మేస్త్రీని పెట్టి త్వరగా ముగిస్తారు, లోపల ఏం వేశారో మీకు తెలియదు. ఎంసీబీ మార్పు, కుళాయి లీకు లాంటివి పరీక్షించి చూసుకోగలం కాబట్టి వాళ్లచేత చేయించుకోవచ్చు. అప్పుడు కూడా ఏ పని, ఏ సామాను, ఏ తేదీలోపు అన్నది కాగితం మీద ఉండాలి. చివరి చెల్లింపుకు ముందు మీరు మళ్లీ వెళ్లి అదే పరీక్ష చేస్తారన్న వాక్యం కూడా రాయించండి. ఇంజినీరును తీసుకురావడానికే అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, లేదా నీటి దారి గడువులోపు తేలకపోతే, అడ్వాన్సు వెనక్కి అడిగే నోటీసు ఆ గడువు ముగియకముందే రాతపూర్వకంగా ఇవ్వండి.