ఎనిమిదడుగుల ఇంటితో పాలో డ్యూరో లోయకు

పాలో డ్యూరో లోయ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉంది. డాలస్ నుంచి వాయవ్య దిశగా 287వ నంబరు రహదారి పట్టుకుని అటు వెళ్తే, విచిటా ఫాల్స్ దాటాక చెట్లు పలచబడతాయి. చిల్డ్రెస్ చేరేసరికి గాలికి అడ్డం నిలిచేది ఏదీ ఉండదు. అక్టోబరులో మేము ఆ దారిన వెళ్లినప్పుడు రెండు వైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. గుంటూరు జిల్లాలో పుట్టినవాడిని, పత్తి చేను కనబడితే తల తిప్పి చూడకుండా ఉండలేను. కానీ ఆ రోజు నా చూపంతా వెనుక అద్దం మీదే ఉంది. అందులో మేము సొంతంగా కట్టుకున్న టియర్‌డ్రాప్ క్యాంపర్, అంటే కారు వెనుక తగిలించి లాక్కెళ్లే కన్నీటి బొట్టు ఆకారపు బండి, కనబడుతోంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న మామూలు సామాన్ల ట్రైలర్ చట్రం మీద ప్లైవుడ్‌తో కట్టిన పడక గది అది. వెనుక తలుపు పైకెత్తితే వంటగది.

ఈ రకం బండ్లు అమెరికాలో 1930ల్లోనే రోడ్డెక్కాయి. ఇంట్లో చేతిపని చేసుకునేవారి కోసం అప్పటి పత్రికలు వీటి కొలతలు, బొమ్మలు అచ్చు వేసేవి. ప్లైవుడ్ షీటు కొలత నాలుగు బై ఎనిమిది అడుగులు, చట్రం కొలతా అంతే. కాబట్టి ఒక్కో పక్క గోడను ఒకే షీటులోంచి కోసుకోవచ్చు. మధ్యలో అతుకు ఉండదు, అతుకు లేని చోట నీళ్లు దిగవు. ఇంత తెలివైన కొలతను మార్చాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

బండి కడుతున్న రోజుల్లో మామయ్యగారు మా ఇంట్లోనే ఉన్నారు. రాజమండ్రిలో చాలా ఏళ్లు కలప అడితి నడిపిన మనిషి. గ్యారేజీలోకి వచ్చి, కోసిన ప్లైవుడ్ అంచును బొటనవేలితో రుద్ది చూసి, "బాబూ, చెక్క నీళ్లు తాగేది ముఖంతో కాదండీ, అంచుతో. ముందు అంచులకు పట్టించండి" అన్నారు. వార్నిష్‌లో టర్పెంటైన్ కలిపి పలచన చేసి, అంచులు ఇక పీల్చుకోవు అనేదాకా కుంచెతో పట్టించాం. పైకప్పు వంపు కోసం సన్నని ప్లైవుడ్ మీద తడి గుడ్డలు కప్పి, మెత్తబడ్డాక ఇద్దరం చెరో వైపు పట్టుకుని వంచి స్క్రూలు బిగించాం. దాని మీద కాన్వాసు గుడ్డను చెక్క జిగురుతో అతికించి, ఇంటి బయటి గోడలకు వేసే పెయింటు పూతలు వేశాం. పూతకూ పూతకూ మధ్య ఆయన ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దేవారు. ఆ పని వేరే ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఇక బరువు సంగతి. ట్రైలర్ కట్టాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది ఇదే. వంటగది వెనుక ఉంటుంది కాబట్టి ఐస్ పెట్టె, గ్యాస్ పొయ్యి, గిన్నెలు, బియ్యం, పప్పులు అన్నీ ఇరుసుకు వెనుకే చేరతాయి. తోక బరువెక్కితే కారు కొక్కెం మీద భారం తగ్గుతుంది. అప్పుడు వేగం పెరిగినకొద్దీ బండి పాములా అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కోసారి కారునే తిప్పేస్తుంది. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడాలి. అందుకే బ్యాటరీనీ, నీళ్ల డబ్బానూ ముందు భాగంలో ఒక పెట్టె చేసి అందులో పెట్టాను. సామానంతా సర్దాక లారీలు తూచే కాటా మీద 410 కిలోలు తూగింది. కొక్కెం భాగాన్ని ఇంట్లో వాడే బరువు యంత్రం మీద దించితే 50 కిలోలు చూపించింది. అంటే పన్నెండు శాతం.

దారిలో క్వానా అనే ఊరి దగ్గర పక్క నుంచి కొట్టిన గాలిలో ఆ లెక్కకు ఫలితం కనబడింది. ఎదురుగా పెద్ద లారీ వెళ్లినప్పుడు బండి కొంచెం తొణికి, వెంటనే సర్దుకుంది. రోడ్డు మీద 75 మైళ్ల వేగానికి అనుమతి ఉన్నా నేను 60 దాటలేదు. చక్రాలు పన్నెండు అంగుళాలవి. కారు చక్రం ఒకసారి తిరిగేలోగా అవి రెండోసారి తిరగడం మొదలుపెడతాయి, బేరింగులు త్వరగా వేడెక్కుతాయి. ఆగిన ప్రతి పెట్రోలు బంకు దగ్గరా వంగి, చక్రం మధ్యనున్న గ్రీజు మూత మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మాత్రం అక్కడి నుంచి కదలకూడదు.

కాన్యన్ అనే ఊరి నుంచి తూర్పుకు తిరిగాక కూడా నేల బల్లపరుపుగానే ఉంటుంది. లోయ ఉన్నట్టు చివరిదాకా తెలియదు. ఉన్నట్టుండి నేల తెగిపోయి, సుమారు 800 అడుగుల లోతున ఎర్రమట్టి గోడలు, వాటి మధ్య తెల్లని జిప్సం చారలు బయటపడతాయి. రెడ్ రివర్ పాయ ఒకటి కోసిన లోయ ఇది. కిందికి దిగే రోడ్డును 1930ల్లో నిరుద్యోగ యువకులతో ప్రభుత్వం వేయించింది. మా ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేవు, అందుకని రెండో గేరులో, ఇంజను పట్టు మీదే దిగాం. మా ఆవిడ కిటికీలోంచి ఫొటోలు తీస్తూ, "ఏమండీ, కొంచెం మెల్లగా" అంటూనే ఉంది. అంతకంటే మెల్లగా వెళ్తే ఆగిపోతాం!

సాయంత్రం వెనుక తలుపు ఎత్తాం. అదే కప్పు, దాని కిందే వంట. గాలికి మంట ఆరకుండా పొయ్యికి మూడు వైపులా రేకు మడిచి పెట్టుకున్నాం. మా ఆవిడ ఐస్ పెట్టెలోంచి పెసర పిండి తీసి, ఇనుప పెనం మీద పలచగా తిప్పి, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు చల్లింది. నిలబడి వండడానికి ఎత్తు సరిగ్గా సరిపోయింది. ఆ బల్ల ఎత్తును ఆమె మోచేతికి కొలిచి పెట్టాం మరి. ఇద్దరికి పడుకునే చోటే ఉన్న ఈ బండిలో మిగతా బతుకంతా ఆరుబయటే. నాకు అదే నచ్చింది. ఊరంత బస్సులో టీవీ పెట్టుకుని కూర్చోవడానికి ఇంత దూరం రావాలా?

ఈ లోయలో చలికాలం గడపడానికి విడిది చేసిన కొమాంచీ, కయోవా, షయాన్ అనే అమెరికా మూలవాసి తెగల ప్రజల మీద 1874 సెప్టెంబరు 28న అమెరికా సైన్యం దాడి చేసింది. చనిపోయినవారు తక్కువే. కానీ గుడారాలు, చలికాలానికి దాచుకున్న తిండి కాల్చేశారు. వెయ్యికి పైగా గుర్రాలను పట్టుకుని చంపేశారు. తిండీ గుర్రాలూ లేని జనం ఆ తరువాత ఓక్లహోమా వైపు మూలవాసుల కోసం ప్రభుత్వం కేటాయించిన రిజర్వేషన్లనే ప్రాంతాలకు వెళ్లి లొంగిపోక తప్పలేదు. సరదాగా నాలుగు రోజులు గడపడానికి వచ్చేవారు ఈ సంగతి తెలుసుకుని రావాలని నా కోరిక.

రాత్రి బాగా చలి. ఇద్దరి ఊపిరికే అంత చిన్న గదిలో పైకప్పు లోపల నీటి బొట్లు పడతాయి. అందుకని కప్పులోని ఫ్యాను నెమ్మదిగా తిరగనిచ్చి, కిటికీ అంగుళం తెరిచి పడుకున్నాం. ఎంత చలైనా పొయ్యి లోపలికి తేకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

మర్నాడు లైట్‌హౌస్ అనే శిల దాకా నడిచి వచ్చేసరికి పక్క స్థలంలోని దంపతులు మా బండి చుట్టూ తిరిగి చూస్తున్నారు. వెనుక తలుపు బందు దగ్గర నీళ్లు ఎలా ఆపారని అడిగారు. ఒకదానిలో ఒకటి దూరే అల్యూమినియం బందును తెరిచి మూసి చూపించాను. వారు టేపు తెచ్చి కొలతలు రాసుకున్నారు. మామయ్యగారికి ఫోను చేసి ఈ సంగతి చెబితే, "అంచుల సంగతి చెప్పారా?" అని అడిగారు. చెప్పానన్నాను.

డిసెంబరులో టెక్సస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు వెళ్తున్నాం. అది ఎడారి, నీళ్ల డబ్బా ఇంకొకటి కావాలి. దాన్నీ ఇరుసుకు ముందే పెట్టాలి కాబట్టి ఈ వారం పెట్టె పొడవు పెంచుతున్నాను. అది పూర్తయ్యాక మళ్లీ కాటాకు వెళ్లాలి.