ఏడో ఇన్నింగ్స్ దాకా కూర్చో నాన్నా

"నాన్నా, నువ్వు ఆట చూడవు. క్రికెట్‌తో పోలుస్తూ కూర్చుంటావు. ఈసారి నేను అమ్మతో వెళ్తా."

మా అమ్మాయికి పదకొండేళ్ళు. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో మా ఊరి టీము రేంజర్స్ బేస్‌బాల్ ఆటకి టికెట్లు తీసుకుంటుంటే ఈ మాట అంది. కోపంగా కూడా అనలేదు. హోంవర్క్ అయిపోయింది అన్నంత మామూలుగా అంది. అందుకే రెండు రోజులు ఆ మాట నన్ను వదల్లేదు.

తను అన్నది నిజం. కిందటిసారి వెళ్ళినప్పుడు, తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే ఆటలో మూడో ఇన్నింగ్స్‌కే "ఇంకా ఎంతసేపమ్మా" అని అడిగాను. "అన్నీ ఫుల్‌టాస్‌లే కదా వేస్తున్నాడు", "మనవాళ్ళు ఉత్త చేతుల్తో పడతారు" అన్నాను. తర్వాత ఫోన్‌లో సన్‌రైజర్స్ హైలైట్స్ పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం తెలుగు క్లాసుకి దింపేటప్పుడు మాత్రం తనతో, "అర్థం కాకపోయినా కూర్చో, వింటూ ఉంటే అదే వస్తుంది" అంటాను. తన కోసం నేను మూడు ఇన్నింగ్స్ కూర్చోలేకపోయాను.

ఆ తర్వాతే ఆటను పట్టించుకుని చూడటం మొదలుపెట్టాను. పిల్లలు బేస్‌బాల్ అంటుంటే పక్కన ఊరికే కూర్చునే మనవాళ్ళకి నాకు తెలిసింది చెప్తాను.

మొదట బంతి ఎటు పోయిందని కాదు, పిచ్చర్‌నీ (బంతి వేసేవాణ్ణి) బ్యాటర్‌నీ చూడండి. కొట్టగలిగే బంతిని వదిలేసినా, ఊపి తప్పినా స్ట్రైక్; కొట్టడానికి అందకుండా పోయిన బంతిని వదిలేస్తే బాల్. మూడు స్ట్రైకులైతే అవుట్, నాలుగు బాల్స్ అయితే బ్యాటర్ నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి వెళ్తాడు. రెండు స్ట్రైకుల తర్వాత ఫౌల్, అంటే గీతల బయటికి, కొడితే లెక్కలోకి రాదు, మళ్ళీ వెయ్యాల్సిందే. ఒక రోజు ఒక బ్యాటర్ అలా ఫౌల్ మీద ఫౌల్ కొడుతూ పదకొండు బంతులు ఆడి, చివరికి నడిచి వెళ్ళాడు. స్కోరు బోర్డు మీద ఏమీ మారలేదు, కానీ మా అమ్మాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పిచ్చర్ అంతా కలిపి అరవై అడుగుల ఆరు అంగుళాల దూరం నుంచి వేస్తాడు. గంటకి 95 మైళ్ళ బంతి అర సెకను లోపే వచ్చేస్తుంది. అందుకే పదిసార్లకి మూడుసార్లు హిట్ కొట్టినవాణ్ణి ఇక్కడ గొప్ప బ్యాటర్ అంటారు. 1941లో టెడ్ విలియమ్స్ అనే బ్యాటర్ .406 కొట్టాడు, అంటే పదిసార్లకి నాలుగుసార్లు పైనే. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల్లో సీజన్ మొత్తం మీద .400 అందుకున్నవాళ్ళు లేరు.

ఈ లెక్క నాకు చెప్పింది మా అమ్మాయే. "పదిలో ఏడుసార్లు ఫెయిలైనా స్టారే నాన్నా" అంది. ఆ ముందు వారమే లెక్కల్లో 92 వస్తే, మిగతా ఎనిమిది ఏమయ్యాయని అడిగాను తనని.

రెండోది, ఇది పండగలా ఏడాదికోసారి వచ్చే ఆట కాదు. ముప్ఫై టీములు, ఒక్కో టీముకి 162 ఆటలు, మార్చి చివర మొదలై సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఉంటుంది. అన్నీ చూడాలని టెన్షన్ పడక్కర్లేదు. వంట చేస్తూ రేడియోలో వినండి. మా నాన్న ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని టెస్ట్ మ్యాచ్ వినేవాడని చెప్తే, మా అమ్మాయికి ఆ ఒక్క పోలిక నచ్చింది. 2023లో పిచ్ క్లాక్ (ఇంత సమయంలోగా బంతి వెయ్యాలనే గడియారం) పెట్టాక, మూడు గంటలు దాటే ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాలకి వచ్చింది. కొత్తవాళ్ళు ముందు ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ ఆటకి వెళ్ళండి. రేంజర్స్‌కి కింది స్థాయి టీము అది. పిల్లలు ఆటగాళ్ళని దగ్గరగా చూడొచ్చు.

మూడోది పెన్సిల్. మా అమ్మాయి స్కోర్‌కార్డు రాస్తుంది. ఒక్కో బ్యాటర్‌కి చిన్న చదరం గడి, అందులో నాలుగు బేస్‌లకి గుర్తుగా డైమండ్ బొమ్మ. ఆటగాళ్ళ స్థానాలకి అంకెలుంటాయి: పిచ్చర్ ఒకటి, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) రెండు, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడేవాడు) ఆరు. 6-4-3 అని రాస్తే, షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్ బేస్‌కి బంతి వెళ్ళి డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు అవుట్, అయిందని. బ్యాట్ ఊపి స్ట్రైకవుట్ అయితే 'కె' అక్షరం. ఊపకుండా చూస్తూ నిలబడిపోయి అవుటైతే అదే 'కె'ని తిరగేసి రాస్తుంది. నాలిక కొంచెం బయటపెట్టి, అక్షరాలు దిద్దుకునేటప్పటి శ్రద్ధతో. తెలుగు క్లాసు నోట్‌బుక్‌లో ఆ శ్రద్ధ ఎప్పుడూ చూడలేదు. నేను దిద్దించిన పద్ధతిలోనే తప్పుందేమో.

రేంజర్స్ 2011లో వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్) గెలవడానికి రెండుసార్లు ఒకే ఒక్క స్ట్రైక్ దూరంలోకి వచ్చి ఓడిపోయారు. 2023లో గాని మొదటిసారి గెలవలేదు. 2011 నాటికి మా అమ్మాయి పుట్టనే లేదు. అయినా ఆ రాత్రి గురించి కళ్ళారా చూసినట్టే చెప్తుంది, గొంతు కూడా మారుతుంది. తను పుట్టకముందటి బాధని సొంతం చేసుకోగలిగింది. మా ఊరి సంగతి ఒక్కటీ తనకి అలా చెప్పుకునేలా నేను ఇవ్వలేకపోయాను. చెప్పడం రాకనా, కూర్చుని చెప్పే తీరిక లేకనా, తెలియదు.

2024 జూన్‌లో అమెరికా క్రికెట్ టీము పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది మాకు దగ్గర్లోని గ్రాండ్ ప్రెయిరీ స్టేడియంలోనే. ఆ తర్వాత ఒకసారి అక్కడ క్రికెట్ మ్యాచ్‌కి తనని తీసుకెళ్ళాను. అది ముందు బేస్‌బాల్ స్టేడియం, తర్వాత క్రికెట్‌కి మార్చారని సంతోషంగా చెప్పాను. తను గ్రౌండ్ వంక చూసి, "మరి ఇక్కడ ఆడేవాళ్ళు ఎక్కడికెళ్ళారు?" అని అడిగింది. నేను మాట మార్చేశాను.

ఈ మధ్య నన్ను మళ్ళీ రానిస్తోంది. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో స్టేడియమంతా లేచి నిలబడి పాడుతుంది, నేనూ పాడుతున్నాను. తన కోసం పాడుతున్నానా, ఎక్కడ దూరమైపోతుందోనన్న భయంతో వెంట తిరుగుతున్నానా అన్నది నాకే సరిగ్గా తెలియట్లేదు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆట ఉంది. తెలుగు క్లాసు కూడా అదే టైముకి. క్లాసు మానకూడదని నేనే రూలు పెట్టాను. ఇంకా తను అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. పెన్సిళ్ళు మాత్రం రెండు చెక్కి పెట్టాను.