డంజినెస్‌లో కంచె లేని తోట

ఇంగ్లండు ఆగ్నేయ తీరాన, కెంట్ ప్రాంతం కొసలో ఉన్న డంజినెస్‌కు హైథ్ నుంచి నడిచే బుల్లి రైలెక్కి వెళ్లడమే బాగుంటుంది. పట్టాల మధ్య వెడల్పు 15 అంగుళాలే అయినా ఆవిరి ఇంజన్లతో నడిచే ఈ రైలు మార్గం 1927లో మొదలై, మరుసటి ఏడాది డంజినెస్ దాకా సాగింది. ఇళ్ల పెరళ్లను ఒరుసుకుంటూ గంటకు పైగా నడిచి, కనుచూపు మేరా గులకరాళ్లే పరుచుకున్న మైదానంలో అది మా అక్కనూ నన్నూ దింపింది. ఎదురుగా లైట్‌హౌసులు, వాటి వెనక కరెంటు ఉత్పత్తి ఆపేసిన అణువిద్యుత్ కేంద్రం, అక్కడక్కడా పాత రైలు పెట్టెలనే ఇళ్లుగా మార్చుకున్న నివాసాలు. ఇలాంటి చోట తోటను చూడడానికి జనం వస్తారంటే నమ్మడం కష్టమే.

రోడ్డు వెంట కాసేపు నడిస్తే ప్రాస్పెక్ట్ కాటేజ్ వస్తుంది. ఒకప్పటి జాలరి ఇల్లు అది. చెక్క గోడలకు నల్లటి తారు, కిటికీ చట్రాలకు నిండు పసుపు రంగు. సినిమా దర్శకుడు డెరెక్ జార్మన్ దీనిని కొనుక్కున్నది 1980ల రెండో సగంలో, తనకు హెచ్‌ఐవీ సోకిందని తెలిసిన రోజుల్లో. మొక్కలంటే చిన్ననాటి నుంచీ ప్రాణమే గాని తోటపని ఆయన వృత్తి కాదు. మొదట ఒక అడవి గులాబీ నాటి, దానికి ఊతంగా సముద్రం ఒడ్డుకు తెచ్చిపడేసిన కర్రను పాతారట. తోట పద్ధతి మొత్తం ఆ ఒక్క పనిలోనే ఉందనిపించింది నాకు: ఆ చోటు ఇచ్చిన వస్తువు, ఆ చోటు బతకనిచ్చే మొక్క.

పైన మట్టి లేదు కనుక రాళ్లలో గుంత తీసి, ఎరువు నింపి, అందులో మొక్క పెట్టాలి. ఉప్పుగాలికి తట్టుకోలేని మొక్క ఇక్కడ ఎలాగూ నిలవదు. మేము వెళ్లిన జూన్‌లో సీ కేల్ తెల్లటి పూలతో విరబూసి ఉంది. అది క్యాబేజీ కుటుంబానిదే, ఈ తీరంలో ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. వంగి చూస్తే దాని ఆకు దళసరిగా, బూడిద కలిసిన నీలిరంగులో, అంచులు ముడతలు పడి ఉంది. పూలకు తేనె వాసన. పక్కనే లావెండర్, ఎర్ర గసగసాల పూలు, గుబురుగా కత్తిరించినట్టున్న శాంటోలినా.

ఇంటి ముందు భాగంలో మళ్లన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి. గుండ్రటి మడి చుట్టూ పొడవాటి చెకుముకిరాళ్లను నిలువుగా పాతి, మధ్యలో చిన్న రాళ్లను రంగుల వారీగా పరిచారు. వెనక భాగానికి వెళ్తే ఆ క్రమశిక్షణ ఏమీ కనబడదు. తుప్పుపట్టిన గొలుసులు, వంకరపోయిన ఇనుప కడ్డీలు, చిల్లురాళ్లను దండలుగా గుచ్చి వేలాడదీసిన కర్రలు పూలమొక్కల మధ్యనే నిలబడి ఉంటాయి. దక్షిణపు గోడ మీద, పొద్దున్నే లేపుతావేమని సూర్యుణ్ణి తిట్టే ఆంగ్ల కవి జాన్ డన్ కవితను చెక్క అక్షరాలతో అతికించారు. ఎండ బాగా పడే వైపే ఆ తిట్లు ఉండడం చూసి నవ్వు వచ్చింది.

“కంచె ఏదిరా దీనికి?” అంది అక్క. లేదు. తోట ఎక్కడ ముగిసి బీడు ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం, ఎందుకంటే డంజినెస్‌లో సహజంగానే దాదాపు 600 జాతుల మొక్కలు పెరుగుతాయి, వాటిలో కొన్ని అడక్కుండానే ఈ మళ్లలోకి వచ్చి చేరాయి. అలాగని ఎక్కడ పడితే అక్కడ తొక్కకూడదు. రాళ్ల మధ్య ఒక్క అడుగుకు నలిగిన మొలక మళ్లీ లేవడానికి చాలా కాలం పడుతుంది, కనుక ఉన్న బాటల మీదే నడవడం మర్యాద.

జార్మన్ 1994లో పోయాక ఆయన సహచరుడు కీత్ కాలిన్స్ 2018లో తాను చనిపోయేవరకూ ఈ ఇంటిని చూసుకున్నారు. ఇల్లు అమ్ముడుపోయి చెదిరిపోకుండా 2020లో ఆర్ట్ ఫండ్ అనే స్వచ్ఛంద సంస్థ విరాళాలు పిలిస్తే 35 లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి. ఇప్పుడు క్రియేటివ్ ఫోక్‌స్టోన్ అనే సంస్థ దీన్ని చూసుకుంటోంది. లోపలికి వెళ్లాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి, మేము తోట వరకే చూశాము. అక్కకు ముందు వైపు మళ్లు నచ్చాయి, అంత శ్రద్ధ ఇంకెక్కడా చూడలేదంది. నా ఓటు మాత్రం వెనక వైపుకే: అక్కడ తుప్పు గొలుసుకూ గసగసాల పువ్వుకూ సమాన గౌరవం దక్కింది.