మా కార్లు, మన కార్లు

మా అమ్మాయికి పదకొండేళ్ళు. పుట్టింది ఇక్కడే, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గానీ, ‘మా’కీ ‘మన’కీ తేడా దానికి పట్టుబడలేదని అనుకునేవాణ్ణి. ఎదుటివాళ్ళను కలుపుకుంటే ‘మన’, కలుపుకోకపోతే ‘మా’ అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర అది, "చైనా కార్లు వస్తే రానీ నాన్నా, మా కార్లు కూడా బాగానే ఉంటాయిగా" అంది.

"మన కార్లు అనాలమ్మా" అన్నాను.

ముద్ద కలపడం ఆపి నా వైపు చూసింది. "నువ్వెప్పుడూ వీళ్ళ దేశం, వీళ్ళ కార్లు అంటావు కదా. అందుకే మా అన్నాను."

వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు.

నేను పనిచేసేది కార్ల విడిభాగాల కంపెనీలో. మా సెక్షన్‌లో ఇంజన్ భాగాలు చేస్తాం, బ్యాటరీ కారుకు వాటితో పనే లేదు. ఆ టెన్షన్ అంతా ఇంటికి మోసుకొచ్చేవాణ్ణి. సర్కారు సబ్సిడీలతో చైనా బ్యాటరీ కార్లు చవగ్గా వస్తున్నాయని 2024 అక్టోబరు చివర్లో యూరోపియన్ యూనియన్ వాటిపై అదనపు సుంకం వేసింది. మామూలు 10 శాతం మీద చైనా కంపెనీ బీవైడీకి 17 శాతం, ఎంజీ కార్లు చేసే సాయిక్‌కు 35.3 శాతం. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. జర్మనీ మాత్రం ఓటింగ్‌లో వద్దంది. ఇక్కడి కంపెనీలకు చైనా పెద్ద మార్కెట్, అక్కడ దెబ్బ తగులుతుందని భయం. ఆ రోజు ఇంట్లో "మన ఉద్యోగాల గురించి ఎవరికీ పట్టదు" అని గట్టిగా అరిచాను. ఉద్యోగానికి ముప్పు వస్తేనే ఈ దేశం నాకు ‘మన’ది అయింది. మిగతా రోజుల్లో ‘వీళ్ళ’ది.

ఇంత మాట్లాడినవాణ్ణి, ధర చూసి బీవైడీ షోరూంకు కూడా వెళ్ళాను. వాళ్ళ అట్టో 3 కారు తలుపు అరకు ఎర్ర తీగలు బిగించి ఉన్నాయి. బతిమాలితే గానీ వీణ క్లాసుకు కూర్చోని పిల్ల, వాటిని మీటుతూ చాలాసేపు కదల్లేదు. ఆ కంపెనీ హంగరీలోని సెగెడ్‌లో ఫ్యాక్టరీ పెడుతోందని చెప్పాను. "అయితే అక్కడ చేసినవి యూరప్ కార్లేగా?" అంది.

"ఎక్కడ పుడితే ఏంటమ్మా, మూలం చైనాయే" అన్నాను.

ఆ మాట స్టుట్‌గార్ట్‌లో పుట్టిన పిల్లతో అన్నానని ఆదివారం రాత్రి దాకా నాకు తట్టలేదు.

కొత్తగా వచ్చిన వాళ్ళు అడిగితే, ఇంట్లో తెలుగే మాట్లాడండి అని చెబుతుంటాను. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఆ తెలుగులో నేను రోజూ దానికి ఏం నేర్పుతున్నానో ఇన్నేళ్ళూ చూసుకోలేదు.

నిన్న వార్తలు చూస్తుంటే ‘వీళ్ళు’ అన్న మాట నోటిదాకా వచ్చింది. పక్కన అది హోంవర్క్ చేసుకుంటోంది. ఆపుకున్నాను గానీ, దాని బదులు ఏమనాలో తోచక ఊరుకున్నాను.