నలుపు సరే, మధుపర్కాల తెలుపు మాటేమిటి?

గత మాఘమాసంలో నేను గ్రేడింగ్ (రంగులు, వెలుగు సరిదిద్దే పని) చేసిన ఒక పెళ్ళి చిత్రంలో, వధూవరులు మధుపర్కాలు కట్టుకుని పీటల మీదికి వచ్చినప్పటి నుంచి తలంబ్రాలు పూర్తయ్యేదాకా ఉన్న 20 నిమిషాల భాగాన్ని మొదటి నుంచి మళ్ళీ చేయవలసి వచ్చింది. తప్పు కెమెరాది కాదు, నిద్రలేమిది అంతకన్నా కాదు. రెండేళ్ళ పాటు కూడబెట్టి కొనుక్కున్న, నలుపును కాటుకంత చిక్కగా చూపించే నా ఓఎల్ఈడీ మానిటర్ తెలుపు దగ్గరికి వచ్చేసరికి చప్పుడు చేయకుండా వెనక్కి తగ్గింది. దాన్ని గమనించవలసిన నేను గమనించలేదు. అప్పటి నుంచి ఈ మానిటర్ల గురించి ఎవరు అడిగినా నలుపు ఊసెత్తకుండా తెలుపు గురించే చెబుతున్నాను. ఆ మాటలనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మామూలు ఎల్‌సీడీ తెర వెనక ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందున్న ద్రవ స్ఫటికాల పొర తలుపులాగా ఆ వెలుగును అడ్డుకుంటుంది గాని, తలుపు ఎంత గట్టిగా మూసినా సందుల్లోంచి కొంత కాంతి వస్తూనే ఉంటుంది. అందుకే మంచి ఐపీఎస్ (ఎల్‌సీడీలో ఒక మేలు రకం) ప్యానెల్‌లో కూడా తెలుపుకూ నలుపుకూ మధ్య నిష్పత్తి చాలాకాలం 1000:1 దగ్గరే ఉండిపోయింది, ఈమధ్య వచ్చిన రకాల్లో 2000:1కి, ఆపైన 3000:1 దాకా పెరిగింది. ఓఎల్ఈడీలో వెనక దీపమే లేదు. 1987లో ఈస్ట్‌మన్ కొడాక్ ప్రయోగశాలలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చూపించిన పలుచని కర్బన పదార్థాల పొరలకు విద్యుత్తు ఇస్తే అవే వెలుగుతాయి, ఆపేస్తే ఆరిపోతాయి. ప్రతి పిక్సెలూ ఒక సొంత దీపం కాబట్టి నలుపు కావలసిన చోట ఆ దీపం నిజంగానే ఆరి ఉంటుంది.

నా పనిలో దీని విలువ రాత్రివేళ జరిగే ఎదురుకోళ్ళలో, బరాత్‌లో తెలుస్తుంది. నల్ల షేర్వానీ మీద పడిన జుట్టు నీడ, డప్పులవాళ్ళ వెనక ఉన్న చీకటి, తక్కువ వెలుగులో తీసినందువల్ల పుట్టిన నాయిస్ (చుక్కచుక్కల గరుకు), ఇవన్నీ ఎల్‌సీడీ మీద బూడిదరంగు పొగమంచులో కలిసిపోయి కనిపించకుండా పోతాయి. ఆ చిత్రాన్నే పెళ్ళివారు ఇంట్లో ఓఎల్ఈడీ టీవీలో చూసినప్పుడు చీకట్లో చీమల బారు కదులుతున్నట్టు ఆ నాయిస్ అంతా బయటపడుతుంది. వాళ్ళు చూసేదాన్ని మనం ముందే చూడగలగడం చిన్న విషయం కాదు. నేను ఓఎల్ఈడీ కొన్నది అందుకే, ఆ కారణం వరకు నాకు ఈనాటికీ చింత లేదు.

అసలు చిక్కు వెలుగులో ఉంది. కర్బన పదార్థం ఎక్కువగా వెలగాలంటే ఎక్కువ కరెంటు కావాలి, ఎక్కువ కరెంటు వల్ల వేడి పుడుతుంది, వేడి వల్ల పదార్థం త్వరగా ముసలిదవుతుంది. మూడు రంగుల్లో నీలం అందరికన్నా ముందు అలిసిపోతుంది. కాబట్టి తెర మొత్తం తీసుకునే విద్యుత్తుకు తయారీదారులు ఒక హద్దు పెడతారు. ఊళ్ళో అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే ఇళ్ళలో బల్బులన్నీ మసకబారినట్టు, తెరలో ఎక్కువ భాగం తెల్లబడిన క్షణంలో తెరంతా కలిసి తన వెలుగును తగ్గించుకుంటుంది. మా వృత్తిలో దీన్ని ఏబీఎల్ అంటాము. ఇప్పుడు మార్కెట్లో దొరికే 32 అంగుళాల 4కె క్యూడీ-ఓఎల్ఈడీ (క్వాంటమ్ చుక్కలు వాడే ఓఎల్ఈడీ రకం) మానిటర్లు చాలావరకు 1000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు ఇస్తాయని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. ఆ 1000 నిట్లు తెర వైశాల్యంలో సుమారు 3 శాతం ఉన్న చిన్న చతురస్రానికే వర్తిస్తాయి. తెరంతా తెల్లగా ఉంటే అవే మానిటర్లు దాదాపు 250 నిట్ల దగ్గర ఆగిపోతాయి.

మామూలు ఎస్‌డీఆర్ (పాతకాలపు టీవీల పరిమిత వెలుగు పద్ధతి) పనికి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్కడ తెలుపు 100 నిట్లకు కట్టుబడి ఉంటుంది, తెరంతా తెల్లబడినా మానిటర్ ఆ మాత్రం వెలుగు తేలికగా ఇస్తుంది. నేను చేసిన పెళ్ళి చిత్రం అలాంటిది కాదు. అబ్బాయి తరఫువారు డల్లాస్‌లో స్థిరపడినవారు. కొత్తగా కొన్న పెద్ద టీవీలో చూసుకోవడానికి హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల పరిధి ఎక్కువగా ఉండే పద్ధతిలో) కావాలని అడిగారు. మిట్టమధ్యాహ్నపు ముహూర్తం, ఆరుబయట మండపం, స్తంభాల నిండా తెల్ల చామంతులు, పీటల మీద ఇద్దరూ తెల్లని మధుపర్కాల్లో. దూరం నుంచి తీసిన ప్రతి షాట్‌లోనూ సగానికి పైగా తెలుపే ఉంది. ఆ షాట్ వచ్చినప్పుడల్లా మండపం చప్పబడినట్టు అనిపించి వెలుగు పెంచాను. దగ్గరి షాట్ దానితో కలవడం లేదని దాన్నీ పెంచాను. మళ్ళీ దూరపు షాట్ చిన్నబోయిందని ఇంకొంచెం పెంచాను. పక్కనే వేవ్‌ఫామ్ (చిత్రంలోని వెలుగును కొలిచి చూపే గ్రాఫ్) గీతలు పైకి పాకుతూ నిజం చెబుతూనే ఉన్నాయి. నేను వాటిని కాదని నా కంటిని నమ్మాను, నా కన్ను మానిటర్‌ను నమ్మింది.

ఫిల్మ్‌నగర్‌లో డీఐ (సినిమాలకు రంగులు సరిదిద్దే పని) చేసే స్నేహితుడి గదిలో రెండు పొరల ఎల్‌సీడీ రిఫరెన్స్ మానిటర్ (రంగులు, వెలుగు సరిచూడడానికి ప్రమాణంగా వాడేది) ఉంది. దాని మీద నా చిత్రం పెట్టగానే అతను కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏరా, ఇది పెళ్ళా, వెల్డింగ్ షాపా?" అన్నాడు. మధుపర్కాల జరీ అంచు కనిపించడం లేదు. పెళ్ళికూతురి భుజం దగ్గర చీర మడతలన్నీ ఒకే తెల్లని అట్టముక్కలా ఉన్నాయి.

ఆ గదిలో ఓఎల్ఈడీ కాక ఎల్‌సీడీ ఎందుకు ఉందన్నది తెలుసుకోవలసిన కథ. సోనీ సంస్థ 2011లో బీవీఎం-ఇ250 అనే 24.5 అంగుళాల ఓఎల్ఈడీ రిఫరెన్స్ మానిటర్‌ను తెచ్చినప్పుడు, పాత సీఆర్‌టీ (గాజు గొట్టం) మానిటర్లు పోయాక నలుపు చూసే భాగ్యం పోయిందని బాధపడుతున్న కలరిస్టులందరికీ ప్రాణం లేచివచ్చింది. తరవాత వచ్చిన 30 అంగుళాల బీవీఎం-ఎక్స్300 ప్రపంచంలోని పెద్ద పెద్ద గ్రేడింగ్ గదుల్లో ఏళ్ళ తరబడి కొలబద్దగా నిలిచింది. దాని పరమ వెలుగు 1000 నిట్లు, ధర మన ఊళ్ళో ఒక మంచి కారు ధర. కాని దానికీ తెరంతా అంత వెలుగు ఇచ్చే శక్తి లేదు. అయితే ఆ యంత్రంలో ఒక నిజాయితీ ఉంది: తాను చూపగలిగినదానికంటే ఎక్కువ వెలుగును చిత్రం అడిగినప్పుడు దాని ముందుభాగంలో ఒక చిన్న హెచ్చరిక దీపం వెలిగేది. ఇక్కడ కనిపిస్తున్నది నిజం కాదని మానిటరే ఒప్పుకునేది. 2018లో సోనీయే దాని స్థానంలో బీవీఎం-హెచ్ఎక్స్310ను తెచ్చింది, అది ఓఎల్ఈడీ కాదు. ఒక ఎల్‌సీడీ పొర వెనక ఇంకో ఎల్‌సీడీ పొర పెట్టి, నలుపును 10,00,000:1 నిష్పత్తి దాకా లాగి, తెరంతా 1000 నిట్లు నిలకడగా ఇచ్చే యంత్రం. 2023లో వచ్చిన హెచ్ఎక్స్3110 కూడా ఆ దారిలోనే 4000 నిట్లకు వెళ్ళింది. నలుపు విషయంలో కొంచెం వదులుకుని నిలకడను ఎంచుకున్నారన్నమాట. ఈ నిర్ణయంలోని వివేకం నాకు వెల్డింగ్ షాపు మాట పడ్డాకనే అర్థమైంది.

మన బోటి వాళ్ళ బల్ల మీద పెట్టుకునే మానిటర్ల చరిత్ర ఇంకా గతుకుల దారి. డెల్ సంస్థ 2016 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో 30 అంగుళాల 4కె ఓఎల్ఈడీ మానిటర్‌ను 4,999 డాలర్ల ధరతో చూపించింది. అది ఆలస్యమై, మరుసటి ఏడాది 3,499 డాలర్లకు కొంతకాలం అమ్ముడై, వారసులు లేకుండా పోయింది. జపాన్‌లో సోనీ, పానసోనిక్ ఓఎల్ఈడీ విభాగాలను కలిపి 2015లో మొదలైన జేఓఎల్ఈడీ అనే కంపెనీ ఇంకా సాహసం చేసింది. కర్బన పదార్థాలను శూన్యంలో ఆవిరి చేసి అద్దే పద్ధతిని పక్కనపెట్టి, ఇంక్‌జెట్ ప్రింటర్‌లా ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలను పక్కపక్కనే అచ్చువేసింది. ఆసుస్ వారి 21.6 అంగుళాల ప్రోఆర్ట్ మానిటర్, ఎల్‌జీ 2021లో తెచ్చిన 31.5 అంగుళాల మానిటర్ ఆ ప్యానెళ్ళతో వచ్చినవే. అవి అక్షరాలను ఎంతో శుభ్రంగా చూపేవి. 2023 మార్చిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది. నిపుణుల కోసమే తయారైన ఓఎల్ఈడీ ప్యానెల్ అంటూ ఒకటి ఉండే రోజులు దాదాపు దానితోనే ముగిశాయని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈనాడు నిపుణుల పేరుతో అమ్ముతున్న ఓఎల్ఈడీ మానిటర్లలో చాలావాటి ప్యానెల్ ఆటలు ఆడేవారి కోసం తయారైనదే. ప్రోఆర్ట్ వరుసలో 2025లో వచ్చిన 31.5 అంగుళాల పీఏ32యూసీడీఎం సెకనుకు 240 సార్లు తెరను తిరగరాస్తుంది. 24 ఫ్రేముల చిత్రాన్ని గ్రేడింగ్ చేసే నాకు ఆ వేగంతో పనేమిటి? అయినా దీన్ని తప్పుపట్టను. ఆటగాళ్ళు వేల సంఖ్యలో కొనబట్టే ఈ ప్యానెల్ మనకు అందే ధరకు దిగివచ్చింది. మనం అదనంగా చెల్లించేది ఫ్యాక్టరీలో చేసిన కాలిబ్రేషన్‌కు, ఆ దిద్దుబాటును మానిటర్‌లోనే దాచుకునే సదుపాయానికి, థండర్‌బోల్ట్ వంటి సౌకర్యాలకు. ఇందులో రెండోది తప్ప మిగతావి నాకు అంత ముఖ్యం కాదు.

క్యూడీ-ఓఎల్ఈడీలో నీలి కాంతి క్వాంటమ్ చుక్కల మీద పడి ఎరుపుగా, ఆకుపచ్చగా మారుతుంది. వీటిలో చాలావాటిలో మూడు ఉపపిక్సెళ్ళు (పిక్సెల్‌లోని మూడు రంగుల చుక్కలు) ఒకే వరుసలో కాక త్రికోణంగా అమరి ఉంటాయి. కంప్యూటర్ అక్షరాలను నునుపుచేసే పద్ధతులు మాత్రం అవి వరుసగా ఉన్నాయనే అనుకుంటాయి. ఫలితంగా అక్షరం అంచున ఆకుపచ్చ, గులాబీ చారలు కనిపిస్తాయి. తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టేవారికి ఇది ఇంగ్లీషువారికన్నా ఎక్కువ బాధ, ఎందుకంటే మన లిపిలో నిలువు గీతలు తక్కువ, వంపులు ఎక్కువ. తలకట్టుకూ గుడికీ తేడా చిన్న మెలికలోనే ఉంటుంది, వత్తులు మరీ చిన్నవి. 34 అంగుళాల పాత రకంలో నాకు ఇది తలనొప్పి తెప్పించింది. అంగుళానికి 140 పిక్సెళ్ళున్న 32 అంగుళాల 4కె తెరలో దాదాపు మరిచిపోయాను. ఇంకొక సంగతి, ఈ రకం ప్యానెళ్ళలో పోలరైజర్ పొర ఉండదు కాబట్టి గదిలోకి ఎండ వస్తే నలుపు వంగపండు రంగు కలిసిన బూడిదగా తేలుతుంది. పగలు కిటికీ తెరిచి పనిచేసేవారు ఓఎల్ఈడీకి డబ్బు పెట్టడం ఎందుకో నాకు తెలియదు.

రంగు కొలతలో ఉన్న చిక్కు వీటన్నిటికన్నా సూక్ష్మం. ఓఎల్ఈడీనీ, పాత ఎల్‌సీడీనీ పక్కపక్కన పెట్టి, రెండింటినీ రంగు కొలిచే మీటర్‌తో డీ65 (వీడియోకు ప్రమాణమైన పగటి వెలుగు తెలుపు) తెలుపుకు సరిచేశాను. మీటర్ రెండూ సమానమంది. కంటికి మాత్రం ఓఎల్ఈడీ తెలుపు పసుపుపచ్చ ఛాయలో కనిపించింది. నా కంటి లోపమనుకుని భార్యను పిలిచి అడిగితే, ఆమె ఒక్క క్షణం చూసి, "అది గంజి పెట్టిన చీర, ఇది ఉతికిన చీర" అంది. కారణం 1931 నాటి కొలత ప్రమాణంలో ఉంది. ఇరుకైన శిఖరాలున్న కాంతిని మన కన్ను చూసే తీరును ఆ ప్రమాణం సరిగ్గా పట్టుకోదు. సోనీ తన ఓఎల్ఈడీ మానిటర్లకు ఈ తేడాను సరిదిద్దే సవరణను ప్రకటించింది: తెలుపు లక్ష్యాన్ని, అంటే రంగుల పటం మీద దాని x, y స్థానాన్ని, 0.3127, 0.3290 నుంచి 0.3067, 0.318కు జరపాలి. నా క్యూడీ-ఓఎల్ఈడీ వర్ణపటం వేరు కాబట్టి ఆ అంకెలను నేను యథాతథంగా వాడను. స్నేహితుడి గదిలోని రిఫరెన్స్ తెలుపుతో కంటికి సరిపోయేదాకా జరిపి, ఆ స్థానాన్ని రాసిపెట్టుకున్నాను. అలాగే చవక కలరీమీటర్‌ను ఆ ప్యానెల్‌కు తగిన దిద్దుబాటు ఫైలు లేకుండా వాడడం, రాళ్ళు సరిచూడని తక్కెడతో బంగారం తూచడమే.

ఇక బర్న్-ఇన్ (కదలకుండా ఉన్న బొమ్మ తెర మీద మరకలా నిలిచిపోవడం) సంగతి. 14 నెలల తరవాత తెరంతా బూడిదరంగు పెట్టి చూస్తే అడుగున టాస్క్‌బార్ నీడ పలుచగా కనిపించింది. ఆ రోజే బల్ల మీద అమరిక మార్చేశాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ బొత్తాలు, టైమ్‌లైన్, ఈమెయిళ్ళు అన్నీ ఒక మామూలు ఎల్‌సీడీ మీద ఉంటాయి. ఓఎల్ఈడీకి వీడియో కార్డు ద్వారా చిత్రం ఒక్కటే వెళుతుంది, అదీ పని ఉన్న గంటలే. హెచ్‌డీఆర్ చేసేటప్పుడు 1000 నిట్ల స్థితిలో కాక, వెలుగు తక్కువైనా చిత్రం అడిగిన వెలుగుల వక్రరేఖను నమ్మకంగా అనుసరించే ట్రూ బ్లాక్ 400 (శిఖర వెలుగు 400 నిట్ల చుట్టూ ఉండే) స్థితిలో పెట్టుకుంటున్నాను. దూరపు షాట్లలో తెలుపును వేవ్‌ఫామ్ మీదే నిర్ణయిస్తున్నాను. మధుపర్కాలు ఇప్పుడు 200 నిట్ల చుట్టూ ఉన్నాయి, జరీ మెరుపు ఒక్కటే పైకి వెళుతుంది.

మానిటర్ తనంతట తాను పిక్సెళ్ళను సరిచేసుకునే ప్రక్రియ ఒకటి ఉంది. కొన్ని గంటలు వాడాక, తెర ఆపిన తరవాత కొద్ది నిమిషాల పాటు అది నడుస్తుంది, దానికి ప్లగ్‌లో కరెంటు ఉండాలి. మా ఇంట్లో రాత్రి పడుకోబోయే ముందు అన్ని గదుల్లో స్విచ్‌లు ఆపుతూ వెళ్ళడం అమ్మకు అలవాటు. ఏడాది పాటు నా మానిటర్‌కు ఆ కొద్ది నిమిషాల చికిత్స ఎప్పుడో ఒకప్పుడు తప్ప అందలేదని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఆ స్విచ్ మీద "అమ్మా, ఇది ఆపవద్దు" అని కాగితం అంటించి ఉంది. బిల్లు ఎంత పెరిగిందని ఆవిడ నెలనెలా అడుగుతూనే ఉంది.